పాత పద్యము - పల్లె మట్టు

తరగతిగదిలో తెలుగు పద్యము చదువు తీరు దాదాపు అన్ని బడులలోను ఒక్కటే. ఉపాధ్యాయుడు ఒక పాదము చెప్పును; పిల్లలందరు ఒక్క గొంతుతో దానిని తిరిగి అందురు. సుమతి శతకమైనను, వేమన పద్యమైనను, పోతన మత్తేభమైనను వారికి రాగము ఒక్కటే. పాదము చివర ఒక దీర్ఘము, ఆపైన ఊపిరి. కందమునకును సీసమునకును నడకలో భేదమున్నదని వారి చెవికి ఎన్నడును తెలియదు. పరీక్ష గడచిన కొన్ని నెలలకు పద్యము మరపున పడును. ఆ ఏకరాగము మాత్రము ముసలితనము వరకు నిలిచియుండును.

ఆ పిల్లలే సంక్రాంతినాడు వాకిట గొబ్బి తట్టునప్పుడు చరణము వెంట చరణము తప్పులేక పాడుదురు. అది ఎవరును కంఠస్థము చేయించినది కాదు, మార్కులు వచ్చునది కాదు. జ్ఞాపకశక్తి అదే, పిల్లలు వారే. మారినది మట్టు ఒక్కటే. కావున బడిలోని పద్యమును పల్లెలోని మట్టుకు ఎక్కించిన నేమగునను ప్రశ్న తెలుగు ఉపాధ్యాయునికి సహజముగా కలుగవలసినదే.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు కావలి ప్రాంతము తగిన చోటు. తూర్పున తుమ్మలపెంట, జువ్వలదిన్నె మొదలగు సముద్రతీర గ్రామములు. వల లాగువారి కూతకు బదులుకూత, పట్టునకు పట్టు. లోపలి వైపున కావలి కాలువ క్రింద వరి పండు పల్లెలు; నాట్ల పాట అక్కడిది. ఇక రామాలయముల చెక్కభజన, కోలాటము సరేసరి. ఊరు చూడబోతే విద్యాకేంద్రము. 1951లో వెలసిన జవహర్ భారతి కళాశాల దానికి ఆ పేరు తెచ్చినది. పైగా ఇది తిక్కన సోమయాజి మెలగిన నెల్లూరు సీమ. ఒక వైపు పద్యము, ఒక వైపు పాట, నడుమ బడి.

పద్యమును పాటతో కలుపుట కొత్త ఆలోచన యని ఎవరైన భ్రమపడిన పాల్కురికి సోమనాథుని చూడవలెను. ఆయన పండితారాధ్య చరిత్రములో తుమ్మెద పదములు, ప్రభాత పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని నాటి జనుల పాటలను పేరు పేరున చెప్పినాడు. చెప్పి ఊరకుండలేదు, తన బసవపురాణమునకు సామాన్యులు పాడుకొనదగిన ద్విపదనే ఎన్నుకొన్నాడు. తరువాత తాళ్ళపాక అన్నమాచార్యుడు సువ్వి, గొబ్బి, జాజర, లాలి పాటల తీరులను తన సంకీర్తనలలోనికి తెచ్చినాడు. ఆ ఇంటి తిమ్మక్క సుభద్రా కల్యాణమును స్త్రీలు పాడుకొనుటకు వీలుగా మంజరీ ద్విపదలో చెప్పినది.

ద్విపదయే ఎందుకు? సమాధానము గణములలో నున్నది. ద్విపద పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. ఇంద్రగణమునకు నాలుగో అయిదో మాత్రలు, సూర్యగణమునకు మూడు. పాదములో నాలుగు గణములు. మూడవ గణము మొదటి అక్షరము యతిస్థానము. అనగా పాదము రెండు, రెండుగా సరిగ్గా సగమునకు విరుగును. వేయి పల్లెపాటలు విరుగునది అక్కడనే. ఉదాహరణకు ఇట్లొక ద్విపద అల్లుకొనవచ్చును:

కడలిపై తెప్పలు కదలెడి వేళ
వడివడి గాలులు వలలూపుచుండె

మొదటి పాదములో గణములు వరుసగా 5, 4, 4, 3 మాత్రలు. రెండవదానిలో 4, 4, 5, 3. ఛందస్సు దీనిని ఇంతటితో విడుచును. పాడువాడు విడువడు. అతడు నాలుగింటిని కొంచెము సాగదీసి అయిదు చేయును. మూడింటిని మరికొంచెము సాగదీసి అయిదు చేయును. పాదము నాలుగు అయిదులై ఖండగతిలో నడచును. లెక్క తెలియని పల్లె గాయకుడు చేయునది ఈ లెక్కయే.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఎక్కడ సాగదీయవలెను? 'వేళ'లో 'వే' దీర్ఘమే గనుక ఎంత సాగినను నష్టము లేదు. 'తెప్పలు' అనుదానిలో చివరి 'లు' సాగినను చెవి ఓర్చుకొనును. 'వడివడి'లో మొదటి అక్షరము సాగినచో వేగము కాస్తా 'వాడి' యగును, గాలి కత్తి యగును. 'కడు' అను మాటను అట్లే సాగదీసిన 'కాడు' వచ్చి కూర్చుండును. మంగళహారతి పాటలో శ్మశానము! మాట మొదటి హ్రస్వమును ముట్టరాదు, గణము చివర సాగదీయవచ్చును. పెద్ద సూత్రమేమియు కాదు గాని, పద్యమునకు మట్టు కట్టబోవు ఉపాధ్యాయుడు ముందుగా తెలిసికొనవలసినది ఇదియే.

ఇంగ్లీషు పాఠములో ఈ బాధ లేదు. ఆ భాషలో లెక్క ఊనికది, దీర్ఘమునది కాదు. ఎనిమిది, ఆరు, ఎనిమిది, ఆరు అక్షరముల పాదములతో నడచు కీర్తన ఛందస్సులో వ్రాసిన పద్యమును ఆ కొలతకు సరిపడు ఏ రాగములోనైనను పాడవచ్చును. అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ పద్యములను అక్కడి విద్యార్థులు ఊరి పాటల రాగములలో పాడి నవ్వుకొనుట అందుచేతనే. స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్సు మరొక విధమున వచ్చినాడు. ముందు పాత రాగమును మనసులో తిప్పుకొని, అది పట్టుబడిన తరువాతనే మాటలు కూర్చెడివాడు. బంగాళమునందు 1905లో రవీంద్రుడు 'అమార్ సోనార్ బాంగ్లా'ను గగన్ హర్కరా అను బావుల్ గాయకుని పాట మట్టులో కట్టినాడు. వీరికి మట్టు ముందు, మాట వెనుక. సిద్ధముగా నున్న ప్రాచీన పద్యమునకు మట్టు వెదకు వాని పని ఇంతకంటె కష్టము. ఒక్క మాటయు మార్చు స్వాతంత్ర్యము అతనికి లేదు.

అయినను ఆ కష్టమును తరతరములుగా అవలీలగా చేసినవారు ఈ జిల్లాలోనే ఉన్నారు. తోలుబొమ్మలాటకు పేరుపొందిన ప్రాంతములలో నెల్లూరు జిల్లా ఒకటి. తెర వెనుక బొమ్మలాడించువారు పాడుచు వచ్చిన రామకథకు ఆధారము పదమూడవ శతాబ్దమునాటి గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణము. అది ఆసాంతము ద్విపద. ఏడు వందల ఏండ్ల నాటి కావ్యము పండితుని పీఠముపైనుండి కాక, దీపపు వెలుగులో, హార్మోనియము, మృదంగము, తాళముల నడుమ, చదువురానివారి చెవులకు చేరినది. యుద్ధము వచ్చినప్పుడు కాలిక్రింది చెక్కలను తొక్కి చప్పుడు చేయుదురు. పాట దానితోపాటు పరుగెత్తును. ఇంద్రజిత్తు పడిన తరువాత సులోచన శోకము వచ్చినచో నడక దిగును. కొలత అదే ద్విపద, మట్టు మాత్రము వేరు. పాదము చివరి మాటను వంతవారు అందుకొందురు గనుక ముఖ్యగాయకునికి ఊపిరియు, వినువారికి మాట రెండవసారి వినబడు అవకాశమును చిక్కును. తరగతిగదిలో ఉపాధ్యాయుడు చెప్పుట, పిల్లలు అందుట కూడ రూపములో ఇదియే. కాని బొమ్మలాటలో సందర్భమును బట్టి మట్టు మారును; బడిలో మారదు.

ఇక కందము. సుమతి శతకము కందములలో నున్నది గనుక ప్రతి పిల్లవానికి మొదట ఎదురగునది ఇదే. గణములన్నియు నాలుగేసి మాత్రలు. మొదటి పాదమునకు మూడు గణములు, రెండవదానికి అయిదు. రెండు కలిసి ఎనిమిది గణములు, 32 మాత్రలు. చతురస్రగతిలో నడచు కోలాటపు మట్టుకు ఇది తులసిదళమువలె సరితూగును అనిపించును. తూచి చూచినచో తూగును కూడ. కాని పాడి చూడవలెను! కోలాటపు మట్టు ఎనిమిదింటిని నాలుగు, నాలుగుగా విరుచును. కందమో మూడు గణములకు పాదము ముగించి, రెండవ పాదములో మరి మూడు గణములు గడచిన వెనుక నాలుగవ గణముపై యతి నిలుపును. అనగా దాని విరుపు మూడు, మూడు, రెండు. మట్టు దెబ్బ పడినచోట పద్యములో మాట నడుమ నుండును. పద్యము ప్రాసతో పిలిచినచోట మట్టు పలుకదు. పిల్లలు హాయిగా పాడుదురు, అర్థము మాత్రము రెండు ముక్కలై చేతిలో పడును. తిక్కన భారతములోని కందములకు ఈ గతి పట్టించుట అపచారమే.

అట్లని కందమును పాటకు పనికిరాదని త్రోసివేయ నక్కరలేదు. మూడవ గణము చివర ఒక గణమంత సేపు ఆగి, ఆ ఖాళీలో పిల్లలచేత చప్పట్లో వంతమాటో వేయించినచో మొదటి పాదము నాలుగగును. రెండవ పాదములో యతికి ముందు అట్లే ఆగవలెను; చివరి రెండు గణముల తరువాత రెండు గణముల ఆవృత్తి. ఎనిమిది పన్నెండగును, పద్యము చెడదు. పల్లెపాటలలోని 'సువ్వి', 'గొబ్బిళ్ళో', 'ఉయ్యాలో' వంటి మాటలు చేయు పని చాలవరకు ఇదియే. అర్థము కొరకు కాదు, తాళములోని ఖాళీ కొరకు వచ్చి కూర్చున్నవి.

వృత్తముల సంగతి వేరు. ఉత్పలమాల, చంపకమాల పాదమునకు 28 మాత్రలు. శార్దూల మత్తేభములకు 30. మొత్తములు చూచిన ముచ్చటగా నుండును గాని, లోపలి గురులఘువుల కూర్పు ఏ తాళపు ముక్కలకును సమముగా చీలదు. అందుచేతనే తెలుగు రంగస్థలము వీనికి తాళము విడిచి రాగాలాపన నిచ్చినది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయముల పద్యములు ఊరూర మారుమ్రోగినది ఆ పద్ధతిలోనే. ఆ త్రోవ గొప్పది, కాని ఒక్క కంఠపు త్రోవ. నలుబదిమంది పిల్లలు కలిసి నడువదగినది కాదు. వృత్తములలో మత్తకోకిల మాత్రము వింతగా లొంగును. దాని 26 మాత్రలు 3, 4, 3, 4, 3, 4, 5గా చీలును. చివరి అయిదును రెండు మాత్రలు సాగదీసినచో నాలుగు ఏడులు, చక్కని మిశ్రగతి. వృషభగతి రగడ పాదము సరిగ్గా ఇంతే, 28.

ఈ మిశ్రగతి పేరు చెప్పినంతనే గురజాడ గుర్తుకు రాక మానడు. 1910లో వెలువడిన 'ముత్యాల సరములు' నడక 3, 4, 3, 4. మూడు పాదములు పదునాలుగేసి మాత్రలు, నాలుగవది కురుచ. 'దేశభక్తి' ఆ నడకదే. 'పూర్ణమ్మ' వేరు, అది నాలుగేసి మాత్రలతో స్త్రీల కథాగేయమువలె సాగును. గురజాడపై 'మహోదయం' (1969) రచించిన కె.వి. రమణారెడ్డి కావలి జవహర్ భారతిలో అధ్యాపకులుగా పనిచేసినారు. గురజాడ చేసినది విద్యార్థికి చెవితో చూపవలెనన్న ఈ రెండు గేయములను రెండు పల్లె మట్టులలో ప్రక్కప్రక్కన పాడించిన చాలును. మట్టులు మార్చి పాడబోయినచో రెండును కుంటును. ఏ వ్యాఖ్యానమును ఆ కుంటు చెప్పినంత స్పష్టముగా ఛందస్సును చెప్పలేదు.

కొలత కుదిరినంత మాత్రమున పని తీరదు. ప్రతి మట్టు తన వెంట తాను పుట్టిన సందర్భమును తెచ్చుకొనును. లాలిపాట మట్టులో కురుక్షేత్రము పాడినచో మాత్రలు సరిపోవచ్చును, పిల్లలు నవ్వుదురు. ఒక్కొక్కప్పుడు ఆ నవ్వు కూడ పనికివచ్చును. ఎందుకు నవ్వు వచ్చినదని అడిగినచో రసచర్చకు అంతకంటె మంచి ద్వారము దొరకదు. అర్థము ముందు చెప్పి, గద్యముగా ఒకసారి చదివించి, ఆ పిమ్మటనే మట్టు ఎత్తుకొనుట క్షేమము. ముందే మట్టు పట్టుబడినచో ఇక అర్థము వైపు ఎవరును చూడరు. ఏకరాగముతో వచ్చిన చిక్కే మరల వచ్చును.

ఇంత చెప్పిన వెనుక ఒక మాట దాచరాదు. 'తెలిసిన మట్టు' అనినప్పుడు ఎవరికి తెలిసినది? నేటి పిల్లవానికి చేరువైనది సినిమా పాట. నాట్లకు, కోతలకు యంత్రములు వచ్చిన పొలములలో పాటకు అవసరము తగ్గినది. బొమ్మలాట తెర లేచు రాత్రులు అరుదైనవి. బిరుదురాజు రామరాజు 1958లో తెలుగు జానపద గేయ సాహిత్యముపై గ్రంథము ప్రకటించిన నాటికి పాటలు ఇంకను ఊళ్ళలో పనిచేయుచున్నవి. గ్రంథములలో పాటల మాటలు నిలిచినవి. అచ్చులో మట్టు నిలువదు. అది గొంతునుండి గొంతుకు పోవలసినదే.

అందుచేత పద్యమును నిలుపుటకు మట్టును వెదకబోయిన ఉపాధ్యాయుడు, ముందు ఆ మట్టునే వెదకవలసి వచ్చుచున్నది. తుమ్మలపెంట నుండి వచ్చు పిల్లవాడు తాతనడిగి వల లాగునప్పటి కూతను, కాలువ క్రింది పల్లె పిల్ల అవ్వనడిగి నాటుపాటను నేర్చుకొని రావలెను. మాటలు అన్నియు గుర్తులేకున్నను ఫరవాలేదు, వరుస వచ్చిన చాలును. తరగతిలో దానిని వ్రేళ్ళతో లెక్కించి, అయిదులా, ఏడులా, నాలుగులా తేల్చుకొని, రంగనాథ రామాయణములో ఉడుత ఇసుక మోసిన ఘట్టమును తీసికొని పది పాదములు దానిపై పాడి చూడవచ్చును. సగమునకు విరిగినచోట యతి పడినదో లేదో ఆ పిల్లలే చెప్పగలరు.