తరుగు, తాలు, ఉసూరు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొద్దున్నే గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెడితే ముందు తుమ్ము వస్తుంది. కళ్లు తుడుచుకున్నాక మనుషులు కనిపిస్తారు. సీజన్ ముదిరిన రోజుల్లో లక్ష టిక్కీలకు పైగా సరుకు దిగే చోటు ఇది. టిక్కీ అంటే నలభై కిలోల పైచిలుకు పట్టే మిర్చి బస్తా. కొనేవాడు టిక్కీ మూతి విప్పి, చెయ్యి లోపలిదాకా దించి గుప్పెడు కాయలు పైకి తీస్తాడు. ఒక కాయను చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే బాగా ఎండినట్టు, చప్పుడు లేకపోతే ఇంకా నెమ్ము ఉన్నట్టు. ఇంకో కాయ విరిచి లోపలి రంగు చూస్తాడు. ఆపైన ఒక్క ముక్క: "రంగు దిగింది." లేదంటే "నెమ్ముంది." అదీ కాకపోతే "తాలు కలిసింది." ఏడాది పంట ధర ఆ ముక్క మీద తేలుతుంది.

ఆ మూడు మాటలూ ఏదో పోయిందనే చెబుతున్నాయి. కానీ ఏం పోయిందో దేనికదే చెబుతున్నాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి చేలలో పుట్టిన తెలుగుకు ఉన్న గొప్ప బలం ఇది. ఇంగ్లిష్ పక్కన పెట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

బెలూన్‌లో గాలి పోయినా, సరుకుల ధరలు మొత్తంగా పడిపోయినా, మనిషిలో హుషారు చచ్చినా ఇంగ్లిష్‌కు 'డిఫ్లేట్' అనే ఒక్క మాట చాలు. లాటిన్‌లో ఊదడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట అది. 19వ శతాబ్దం చివర గాలి తీయడానికి పుట్టి, తర్వాత డబ్బుకూ మనసుకూ పాకింది. తెలుగులో సైకిల్ ట్యూబుకు గాలి పోతుంది, టపాకాయ తుస్సుమంటుంది, మూత తీసిన సోడా చప్పబడుతుంది, తలపెట్టిన పని నీరుగారుతుంది, మనిషి డీలా పడతాడు. ఒకదాని మాట ఇంకోదానికి అతకదు. సోడా డీలా పడిందని ఎవరూ అనరు.

'డిప్రెషన్' సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అణిచివేయడం, కిందికి నొక్కడం దాని అసలు అర్థం. బంగాళాఖాతంలో డిప్రెషన్ అంటే మనకు వాయుగుండం. 1930ల నాటి ప్రపంచ ఆర్థిక డిప్రెషన్ మాంద్యం. మనసుకు వచ్చే డిప్రెషన్ కుంగుబాటు. ఇంగ్లిష్ ఒక్క మాటలో కట్టేసిన మూటను తెలుగు మూడుగా విప్పింది. ఈ నేల మీద మాత్రం ఆ మూడూ ఒకే ఇంట్లోకి ఒకేసారి వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పత్తి చెట్టు మీదే తడిసింది, మిరప చేలలో నీళ్లు నిలిచాయి. వాయుగుండం ముదిరి తుఫానైతే మార్కెట్ ముఖం చిన్నబోతుంది. ఆపైన రైతు కుంగుతాడు. ఈ చివరి మాట ఎంత సూటిగా ఉందో చూడండి. గోడ కుంగుతుంది, వంతెన స్తంభం కుంగుతుంది, మోయలేని బరువు పడితే మనిషీ కుంగుతాడు.

'స్లంప్' పుట్టుక తెలిస్తే ఇక్కడి రైతుకు నవ్వొస్తుంది. ధరలు ఢమాలున పడిపోవడానికి వాడే ఈ మాట ఇంగ్లిష్‌లో మొదట బురదలో కాలు దిగబడడానికి వాడినది. నల్లరేగడిలో వానపడ్డాక నడిచిన వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. చెప్పు అక్కడే ఉంటుంది, కాలు పైకొస్తుంది. అందుకే మనవాళ్లు ధర 'పడింది' అంటారు, అప్పులో మనిషి 'కూరుకుపోయాడు' అంటారు.

ధర పడడంలోనూ మెట్లున్నాయి. 'తగ్గింది' అంటే ఓపిక పట్టొచ్చు. 'పడింది' అంటే కోల్డ్ స్టోరేజీ వైపు చూడాలి. 'పడిపోయింది' అంటే వడ్డీ లెక్క వేసుకోవాలి. 2016లో క్వింటాలు పదివేలు దాటిన మిర్చి 2017 వేసవికి సగానికి సగం పడిపోయింది. ఆ మే నెలలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయలు, పైఖర్చులకు 1,250 ప్రకటించింది. 2023లో తేజ రకం ఇరవై వేలు దాటింది. రెండేళ్లు తిరక్కుండానే, 2025 ఫిబ్రవరిలో, అదే పథకం మళ్లీ వచ్చింది, ఈసారి 11,781 రూపాయలకు. ధర కోసం ఆగి, చలిగదిలో దాచిన సరుకును యార్డులో 'ఏసీ కాయ' అంటారు. బయట ఉంచితే రంగు దిగుతుంది, లోపల ఉంచితే అద్దె పెరుగుతుంది.

ఇక తరుగు. ఈ ఒక్క మాట మీద ఎంత రాసినా తక్కువే. ఆరిన సరుకు బరువు తగ్గడం తరుగు. తూకం దగ్గర తేమ పేరు చెప్పి, చెత్త పేరు చెప్పి కోసుకునేదీ తరుగే. మొదటిది ఎండ తీసేది, రెండోది మనిషి తీసేది. పత్తిలో తేమ 8 శాతం ఉంటే భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 శాతం దాకా పెరిగిన కొద్దీ ధర కోస్తుంది. అది దాటితే కొనదు. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలు. మంచు కురిసే నెలల్లో తెల్లవారుజామున తీసిన పత్తిలో ఆ నాలుగు శాతం తేడా ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో తీసేవాళ్లకు తెలుసు. కామర్స్ పాఠ్యపుస్తకాల్లో 'డిప్రిషియేషన్'కు తెలుగు 'తరుగుదల'. ఎవరు ఎంచారో గాని చక్కటి ఎంపిక. అదే 1966 జూన్‌లో డాలరుకు 4.76 రూపాయలున్న మారకం ఒక్కసారిగా 7.50 అయింది చూడండి, అలాంటిదానికి వాడే మాట 'మూల్యహీనీకరణ'. పలకడానికే నోరు తిరగదు. రూపాయి విలువ కోసేశారంటే ఏ పల్లెలోనైనా అర్థమయ్యేది.

ఇలాంటి మాటల విలువ తెలిసి వెతికిపెట్టిన మనిషి ఈ గడ్డ మీదే పుట్టాడు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1928లో ఒంగోలులో జన్మించారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో ఏర్పడింది. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది. అందులో తీసుకున్న వృత్తి వ్యవసాయం. పండితుల గ్రంథాలు వదిలి పొలం గట్టున రైతు నోటి మాటను నిఘంటువుకెక్కించిన పని అది. తెలుగులో ఇంతకన్నా రైతుకు దగ్గరైన నిఘంటువు పని అరుదు.

రైతు మాట వైద్యుడి రోగనిర్ధారణ అంత నిక్కచ్చిగా ఉంటుంది. మిరపాకు పైకి ముడుచుకుంటే పైముడత, తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే కిందిముడత, నల్లి పని. నీళ్లు చాలక వడలితే చేను బెట్టకొచ్చింది, తడి ఇస్తే తేరుకుంటుంది. ఎండు తెగులు సోకితే ఎన్ని తడులిచ్చినా లేవదు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలోనే చేరి ఎకరాలకు ఎకరాలు తినేసినప్పుడు పూత నిలవలేదు, రాలిపోయింది. కాపు లేని మొక్కలను పీకేసిన చేలు ఎన్నో.

నీరసం అనే మాట నీరు నుంచి వచ్చిందనుకుంటాం. కాదు, అది రసం పోవడం. సంస్కృతంలో 'నిర్'కు 'రసం' చేరి నీరసమైంది. పిండేసిన నిమ్మ డొప్పలా అయిపోవడమన్న మాట. ఇంగ్లిష్ 'డిస్కరేజ్'లో దాగి ఉన్నది గుండె. మనకూ ధైర్యం పోతే గుండె జారుతుంది. 'డిస్పిరిటెడ్'లోని స్పిరిట్ మొదట ఊపిరే. మన 'ఉసురు' కూడా ఊపిరే, ప్రాణమే. పొద్దుటి నుంచీ యార్డులో పడిగాపులు పడి, చీకటి పడ్డాక రేటు విని రైతు ఉసూరుమన్నాడంటే, అక్కడ బయటికి పోయింది గాలి ఒక్కటే కాదు.

1980ల నడుమ ఈ జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టారు, దోమ మరింత పెరిగింది, అప్పూ పెరిగింది. 1987-88లో ప్రకాశం జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి. అలాంటి ఇంట్లో మనిషి డిప్రెషన్‌లో ఉన్నాడని ఎవరూ అనరు. "దిగులుగా ఉంటున్నాడు", "అన్నం సయించట్లేదంట", "ఎవరితోనూ పలకట్లేదు" అంటారు. ఆరోగ్య కేంద్రంలో కూర్చున్నవాళ్లూ, బ్యాంకు నుంచి వచ్చినవాళ్లూ ఈ మాటలను నీరసం ఖాతాలో వేసి టానిక్ రాసి పంపకూడదు. ఆ మాటలు తెలిసినవాళ్లకు అవి లక్షణాలే.

సాయంత్రానికి కల్లంలో ఎండ మెత్తబడుతుంది. ఆరబోసిన ఎర్ర కాయల పక్కన ఆడవాళ్లు బారులు తీరి కూర్చుని తాలు ఏరుతుంటారు. వరిలో గింజ కట్టని పొల్లును తాలు అంటారు. మిరపలో రంగు వెలిసి తెల్లబారిన కాయ తాలు. చూడకుండానే వేళ్లు పట్టేస్తాయి, ఆ కాయ తేలిగ్గా ఉంటుంది మరి. తాలును పారేయరు. వేరే బస్తాలో పోసి, వేరే రేటుకు, అదే యార్డుకు పంపుతారు. ఒకామె కొంగుతో ముక్కు కట్టుకుని, గుట్ట కేసి చూసి అడుగుతుంది: "ఈసారి తాలు ఎన్ని టిక్కీలయిందే అక్కా?"