మూడు తాళ్లు, ఒక కొక్కెం

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో నెలకొన్న చిత్ర పరిశ్రమ 2017లో అందించిన 'ఘాజీ'ని చూసినవారికి విక్రాంత్ పేరు తెలుసు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి వెదుక్కుంటూ వచ్చి, విశాఖ తీరంలో మునిగిపోయింది ఆ విమానవాహక నౌక కోసమే. అటువంటి నౌకపై విమానాన్ని దించడం ఎంత కష్టమన్నది మాత్రం వేరే కథ.

2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్ పొడవు 262 మీటర్లు కాగా, అందులో దిగడానికి దొరికేది కొంత భాగమే. విమానం తోక కింద వేలాడే కొక్కెం డెక్‌పై అడ్డంగా పరచిన మూడు ఉక్కు తాళ్లలో ఒకదాన్ని అందుకోవాలి. దిగే బాట నౌక నడకకు ఏటవాలుగా ఉండటం వల్ల, నౌక సాగుతున్న కొద్దీ అది పైలట్‌కు కుడివైపు జరిగిపోతూనే ఉంటుంది. డెక్‌ను తాకగానే అతడు ఇంజిన్ శక్తిని తగ్గించడు సరికదా, పూర్తిగా పెంచుతాడు. కొక్కెం తప్పితే మళ్లీ గాలిలోకి లేవాలి కదా! సినిమావారి రీటేక్‌కు ఇక్కడ ముందే ఏర్పాటు ఉంటుందన్నమాట.

అసలు చిక్కు అంతకు ముందరి క్షణాలలో ఉంది. ముక్కు ఎత్తితే వేగం తగ్గుతుంది, దానికి సరిపడా శక్తి పెంచితే ఎత్తు మారుతుంది, ఆ మార్పును మళ్లీ దిద్దాలి. అమెరికా నౌకాదళం 2015లో పరీక్షించిన 'మ్యాజిక్ కార్పెట్' ఈ గొలుసును తెంచింది: పైలట్ కంట్రోల్ స్టిక్‌తో విమానం దిగే వాలును మాత్రమే నిర్దేశిస్తాడు, కంప్యూటర్ రెక్కల వెనుక పలకలను కదిపి, ముక్కును అంతగా కదల్చకుండానే పైకెత్తే బలాన్ని నేరుగా మారుస్తూ, ఇంజిన్ శక్తినీ తానే సర్దుతుంది.

మన తేజస్ యుద్ధవిమానంలోనూ స్టిక్ కదలికను విద్యుత్ సంకేతంగా అందుకునే కంప్యూటరే పలకలను నడుపుతుంది. తరువాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఉపకులపతి అయిన కోట హరినారాయణ సారథ్యంలో రూపొందిన ఆ విమానం 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది. దాని నౌకాదళ రూపంలో రెక్క మొదట 'లెవ్‌కాన్' అనే కదిలే పలకలు చేరాయి. ఇవి తక్కువ వేగంలో ఆసరా ఇస్తే, ఇంజిన్ శక్తిని తానే సర్దే ఆటో థ్రాటిల్ ఎదురుగాలికి విమానం చేసే కోణాన్ని స్థిరంగా నిలుపుతుంది. 2020 జనవరి 11న కమొడోర్ జైదీప్ మావ్లంకర్ దీన్ని మన మరో విమానవాహక నౌక విక్రమాదిత్యపై దించారు. 2023 ఫిబ్రవరి 6న అది కొత్త విక్రాంత్‌పైనా దిగింది.

ఒకే ఇంజిన్ ఉన్న ఈ విమానాన్ని బరువైన ఆయుధాలతో నౌకపై నుంచి నడపడం కష్టమని నౌకాదళం దళంలోకి తీసుకోలేదు, 2025లో 26 రఫేల్ మెరైన్ విమానాలకు ఒప్పందం కుదిరింది. అయినా తాళ్లపై నేర్చుకున్న ఆ నియంత్రణ విద్య ఇప్పుడు రూపకల్పనలో ఉన్న రెండు ఇంజిన్ల స్వదేశీ నౌకా యుద్ధవిమానానికి పునాది అవుతోంది.