పసికందుల వార్డులో ఏం లెక్కపెట్టాలి?

అరసవల్లి వాళ్లకు పెద్దాసుపత్రి అంటే శ్రీకాకుళం రిమ్స్. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, పుట్టగానే ఏడవకపోయినా, ఉమ్మనీరు మింగినా అక్కడి నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం (ఎస్‌ఎన్‌సీయూ)లో చేర్చుకుంటారు. జనం దాన్ని ‘బాక్సులో పెట్టడం’ అంటారు. ఆ వార్డు చాలుతుందా అని ఎవరు అడిగినా ముందు బాక్సుల సంఖ్యే చర్చకు వస్తుంది. 2011 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఏడాదికి 3,000 కాన్పులు జరిగే జిల్లా ఆసుపత్రికి 12 పడకలు ఉండాలన్నాయి. ఆపైన ప్రతి వెయ్యి కాన్పులకు మరో 4. అంటే కొలత మొదలయ్యేది ఆ ఆసుపత్రి కాన్పుల రిజిస్టరుతో. కానీ జిల్లా కేంద్రానికి పసికందులు పక్కనున్న పురిటి గది నుంచి మాత్రమే రారు. పలాస నుంచి, ఇచ్ఛాపురం నుంచి, సీతంపేట కొండల నుంచి, ప్రైవేటు నర్సింగ్‌హోముల నుంచి కూడా తెస్తారు. దారిలో ఒళ్లు చల్లబడి వచ్చే ఆ బిడ్డలే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. రిజిస్టరు చూసి పడకలు వేస్తే వాళ్లు లెక్కలోకే రారు.

పడక దొరికినా సగం పనే అయినట్టు. కిలోంపావు బిడ్డకు ఒంట్లో కొవ్వు ఉండదు, వేడి నిలవదు. పాలు పీల్చే శక్తి రాదు గనక రెండు మూడు గంటలకోసారి గొట్టంతో పట్టాలి. ఊపిరి ఉన్నట్టుండి ఆగితే క్షణాల్లో తట్టి లేపాలి. యంత్రం మోగడం వరకే చేస్తుంది, లేచి వెళ్లాల్సింది నర్సు. ముగ్గురు నలుగురు బిడ్డలకు ప్రతి షిఫ్టులోనూ ఒక నర్సు ఉండాలన్నది నియమం. ఆ లెక్కన 12 పడకలకు మూడు షిఫ్టుల్లో కనీసం 9 మంది కావాలి. సెలవులు, నైటాఫ్‌లు కలుపుకుంటే ఇంకా ఎక్కువ. పడకలు పెంచి నర్సుల పోస్టులు పెంచకపోతే అక్కడ పెరిగింది వేడినిచ్చే పడకలు, అంటే వార్మర్లే. ఒక వార్మర్ మీద ఇద్దరిని పడుకోబెడితే కొరత కాగితం మీద తీరుతుంది, ఒకరి ఇన్‌ఫెక్షన్ మరొకరికి అంటుతుంది. ఇక నిర్వహణ. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయింది. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారాలో నవజాత శిశువుల వార్డుకు మంటలంటుకుని 10 మంది మరణించారు. రెండు చోట్లా బిడ్డలకు పడకలు దొరికాయి.

ఎస్‌ఎన్‌సీయూ, ఎన్‌ఐసీయూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కాదు. రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సిన బిడ్డకు, పేగు మూసుకుపోయి పుట్టిన బిడ్డకు పైస్థాయి విభాగమైన ఎన్‌ఐసీయూ, పిల్లల సర్జన్ కావాలి. ‘కేజీహెచ్‌కి (విశాఖ పెద్దాసుపత్రికి) రాసేశారు’ అనే మాట వినబడేది అప్పుడే. అలా రాయడం తప్పు కాదు, ఎలా పంపారన్నదే అడగాలి. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 100 కిలోమీటర్లు, ఇచ్ఛాపురం నుంచి అంతకు రెండింతలకు పైనే. 2020 జులైలో రాష్ట్రం 108 సర్వీసులో నవజాత శిశువుల కోసం 26 అంబులెన్సులు చేర్చింది. అప్పటి 13 జిల్లాలకు పంచితే జిల్లాకు రెండు. వాటిలో ఒకటి విశాఖ దారిలో ఉంటే ఇచ్ఛాపురం నుంచి పాలకొండ దాకా ఉన్న అప్పటి శ్రీకాకుళం జిల్లాకు మిగిలేది ఒక్కటే.

అలాంటప్పుడు ప్రతి ఏరియా ఆసుపత్రికీ వెంటిలేటర్లు కొంటే పోదా అనే వాదన ఉంది. కానీ ఏడాదికి కొద్దిమంది బిడ్డలకే వాడే చోట చేతి నైపుణ్యం నిలవదు. యంత్రం ఉంటుంది, నడిపేవాళ్లు ఉండరు. ప్రైవేటులో ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఆ పథకం ఖర్చు భరిస్తుంది, నిజమే. అర్ధరాత్రి ఏ వార్డులో పడక ఖాళీగా ఉందో, అక్కడికి బిడ్డ వెచ్చగా ఎలా చేరాలో అది చూసుకోదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వెయ్యి జననాలకు 19.9 మంది శిశువులు నెల నిండకముందే పోయారు. దేశ సగటు 24.9 గనక మనం నయమే అనుకోవచ్చు. కానీ 2030 నాటికి ఐక్యరాజ్యసమితి చేరమన్నది 12కి.

అక్కడికి చేరేందుకు ఉన్న గట్టి సాధనాల్లో ఒకటి యంత్రమే కాదు. ఇంక్యుబేటర్లు చాలక 1970ల చివర కొలంబియాలోని బొగోటాలో బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచడం మొదలుపెట్టారు. అదే కంగారూ పద్ధతి. పేదల ఆసుపత్రికి సరిపెట్టే చిట్కా అని దాన్ని తీసిపారేసేవాళ్లు 2021లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన చూడాలి. భారత్‌తో కలిపి ఐదు దేశాల్లో, పెద్దాసుపత్రుల్లోనే జరిగిందది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను పుట్టినప్పటి నుంచే తల్లి ఒంటికి ఆనించి ఉంచితే 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. అయితే ఇది ఖర్చు లేని పని కాదు. వార్డులోనే తల్లికి మంచం కావాలి, సిజేరియన్ అయిన తల్లిని కనిపెట్టుకునే నర్సు కావాలి, మరుగుదొడ్డి కావాలి. రిమ్స్‌లో అయినా, విజయనగరం ఘోషా ఆసుపత్రిలో అయినా ఇకపై కొత్త గదులు కట్టేటప్పుడు వార్మర్లతో పాటు తల్లుల మంచాలకూ నక్షాలో చోటు గీయించాలి.