ట్రావెల్ ట్రైలర్‌లో బరువు పంపిణీ, గాలి ప్రసరణ

ట్రావెల్ ట్రైలర్ అనగా కారు లేదా పికప్ ట్రక్కు వెనుక తగిలించి లాగుకొని పోవుటకు నిర్మించిన చక్రాల ఇల్లు. దీనికి సొంత ఇంజను ఉండదు. ఉత్తర అమెరికాలో వాడే ఈ పేరుకు బదులు బ్రిటన్‌లో కారవాన్ అంటారు. విహారం కొరకు తయారైన తొలి కారవాన్‌గా సాధారణంగా పేర్కొనేది, 1885లో నౌకాదళ వైద్యుడు, రచయిత విలియం గోర్డన్ స్టేబుల్స్ చేయించుకొన్న "ది వాండరర్" అనే గుర్రపుబండి. అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ అల్యూమినియంతో చేసిన "క్లిపర్" 1936లో వచ్చింది. ఈ వాహనం కదులుతున్నప్పుడు సామాను సర్దిన తీరు, ఆగి ఉన్నప్పుడు లోపలి గాలి ప్రాణాంతకం కాగలవు.

బరువు పంపిణీ

ట్రైలర్ ఇరుసు మధ్యభాగానికి కొంచెం వెనుకగా ఉంటుంది. ఈ విషయంలో ఇది ఎడ్లబండి వంటిదే. బస్తాలన్నీ వెనుక వేస్తే బండి కాడి పైకి లేస్తుంది, ముందు వేస్తే ఎద్దుల మెడలపై భారం పడుతుంది. ఇక్కడ ఎద్దుల మెడకు బదులు కారు వెనుక హిచ్ అనే కొక్కెం ఉంటుంది. దానిపై ట్రైలర్ ముందుకొన మోపే భారాన్ని టంగ్ వెయిట్ అంటారు. అమెరికాలో ఇది నిండు ట్రైలర్ బరువులో 10 నుండి 15 శాతం ఉండాలని చెబుతారు. అనగా 2,000 కిలోల ట్రైలర్‌కు 200 నుండి 300 కిలోలు. తేలికైన బ్రిటిష్ కారవాన్లకు 5 నుండి 7 శాతం చాలునని అంటారు.

ఈ భారం తగ్గితే ట్రైలర్ తోక ఊగడం మొదలవుతుంది. పక్కగా ఒక లారీ దాటినా, ఈదురుగాలి తగిలినా చాలు. ఒక వేగం వరకు ఆ ఊపు దానంతట అదే అణగిపోతుంది. ఆ వేగం దాటితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదై, చివరకు కారును కూడా తిప్పివేస్తుంది. అప్పుడు స్టీరింగును బలంగా తిప్పడం, కారు బ్రేకు గట్టిగా తొక్కడం రెండూ ప్రమాదమే. యాక్సిలరేటరుపై కాలు తీసి వేగాన్ని తగ్గనివ్వాలి. ట్రైలర్ బ్రేకులకు విడిగా చేతి మీట ఉంటే దానిని నొక్కాలి.

ఒక ఉదాహరణ: హిచ్ ఇరుసుకు 5 మీటర్ల ముందు ఉన్నదనుకొందాం. ఇరుసుకు 2.5 మీటర్ల వెనుక 50 కిలోల సైకిళ్ళు తగిలిస్తే టంగ్ వెయిట్ 25 కిలోలు తగ్గుతుంది. నీటి తొట్టి విషయం చాలామంది మరచిపోతారు. 150 లీటర్ల నీరు 150 కిలోలు. తొట్టి ఇరుసుకు ముందున్నదో వెనుకున్నదో తెలియకుండా నింపరాదు. బరువైన వస్తువులను ఇరుసుకు దగ్గరగా, నేలపై, రెండు పక్కలా సమంగా పెట్టాలి.

టంగ్ వెయిట్ మరీ ఎక్కువైతే కారు వెనుక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ తన స్ప్రింగు కడ్డీలతో కొంత భారాన్ని కారు ముందు చక్రాలకు, ట్రైలర్ చక్రాలకు పంచుతుంది. అయితే వెనుక బరువుతో సర్దిన ట్రైలర్‌ను ఇది సరిచేయలేదు.

గాలి ప్రసరణ

ఇంత చిన్న గదిలోనే పొయ్యి, హీటరు, పడకలు ఉంటాయి. గ్యాసు సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. తలనొప్పి, వికారం వంటి తొలి లక్షణాలను ప్రయాణపు బడలికగా భావించడం కద్దు. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు.

అందువలన గోడలలోనూ, పైకప్పులోనూ ఎప్పుడూ తెరచి ఉండే రంధ్రాలు ఉంచుతారు. చలికి వాటిలో గుడ్డలు కుక్కడం అతి ప్రమాదకరం. బొగ్గుల కుంపటి ఆరినట్లు కనిపించినా లోపలికి తేరాదు. పైకప్పు ఫ్యాను గాలిని బయటకు తోడేటప్పుడు, తెరచి ఉన్న కిటికీ గుండా బయటి గాలి లోనికి వస్తుంది. ఆ కిటికీ పక్కనే జనరేటరు నడుస్తుంటే దాని పొగను ఫ్యానే లోపలికి లాగుతుంది.

వంటగ్యాసు గాలికంటే బరువైనది కనుక కారినప్పుడు నేలపై పేరుకొంటుంది. అందుకే కొన్ని ట్రైలర్లలో నేలలోనూ రంధ్రాలుంటాయి. కార్బన్ మోనాక్సైడ్ సాంద్రత దాదాపు గాలితో సమానం; అది గదంతా వ్యాపిస్తుంది. కాబట్టి గ్యాసు డిటెక్టరును నేలకు దగ్గరగా బిగిస్తారు, కార్బన్ మోనాక్సైడ్‌ డిటెక్టరును తయారీదారు సూచించిన చోట, పడకలున్న భాగంలో పెడతారు. ఈ డిటెక్టర్ల ఆయుష్షు కొన్ని సంవత్సరాలే. వాటిపై ముద్రించిన గడువు తీరగానే, పరీక్ష మీట నొక్కినప్పుడు మోగుతున్నా సరే, మార్చవలసి ఉంటుంది.