సముద్రతీరమున నాయకత్వాభ్యాసము

బాలురు నాయకులగుట యెట్లు అను ప్రశ్నకు మన పాఠశాలలయందు సాధారణముగా లభించు ప్రత్యుత్తరము, తరగతికొక మానిటరును, సాహిత్యసమాజమునకొక కార్యదర్శిని ఎన్నుకొనుటయే. ఇది మంచి యాచారమే. కాని, ఎన్నిక ముగిసిన పిదప ఆ పదవియందున్నవానికి చేయదగిన పని యేమియు లేకపోవుట తఱచు జరుగుచుండును. పనిలేని పదవి బాలునకు రొమ్మున బిళ్ల ధరించుట నేర్పునుగాని బాధ్యత వహించుట నేర్పదు. ఇందుకు భిన్నముగా, పదవులు స్వల్పమును, పని మిక్కుటమునునైన యొక సంఘమునుగూర్చి మా చదువరులకు తెలుపదలచితిమి. అది మన కోరమండల తీరముననే, చెన్నపట్టణమున, 1988వ సంవత్సరమున విద్యార్థులు స్థాపించినది. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ అని దాని పేరు. సముద్రపు తాబేళ్ల గ్రుడ్లను, పిల్లలను కాపాడుట దాని పని.

ఆ తాబేలును ఆలివ్ రిడ్లీ యందురు. సుమారు రెండడుగుల పొడవుగల డిప్పయు, తెడ్లవంటి కాళ్లును దానికి కలవు. జనవరి మొదలు ఏప్రిలు వఱకు, రాత్రివేళ, ఆడుతాబేలు ఒడ్డెక్కి, అలలు తాకనిచోట వెనుకకాళ్లతో అడుగున్నర లోతున కూజావంటి గోయి త్రవ్వి, 100 మొదలు 120 వఱకు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన డిప్పతో దానిని తట్టి గట్టిపఱచి, మరల సముద్రమునకు పోవును. ఇదంతయు సుమారొక గంటలో ముగియును. అటుపిమ్మట ఆ గ్రుడ్లకు తల్లి కాపుండదు. 45 మొదలు 60 దినములలో ఇసుక వేడిమిచేతనే పిల్లలు వెలువడును. ఇసుక వెచ్చనైనచో ఆడుపిల్లలును, చల్లనైనచో మగపిల్లలును ఎక్కువగా పుట్టుట మఱియొక వింత. ఈ నడుమ కుక్కలును, గ్రుడ్లు తినగోరు మనుష్యులును ఆ గోతిని కనుగొనకుండిననే యీ పని నెఱవేఱును. పట్టణము ప్రక్కనున్న తీరమున అట్టి యదృష్టము కొలదిగోతులకే పట్టును.

1970 దశాబ్దపు తొలియేండ్లలో, చెన్నపట్టణపు పాములశాలను స్థాపించిన రోములస్ విటేకర్ గారును, వారి మిత్రులును ఆ తీరమున రాత్రులు నడచి, గ్రుడ్లను భద్రమైనచోటికి చేర్చుట మొదలిడిరి. పిమ్మట ప్రభుత్వసంస్థలు కొన్నియేండ్లు ఆ పనిని నడపినవి. అది నిలిచిపోయినప్పుడు, కళాశాలలలో చదువుకొనుచుండిన కొందఱు యువకులు, ఎవరో యొకరు దీనిని మరల చేపట్టవలెనని యర్జీలు వ్రాయుచు గూర్చుండక, తామే నడవసాగిరి. ఆ తొలివారిలో నొకరగు కార్తీక్ శంకర్ గారు తరువాత జీవశాస్త్రజ్ఞులై, బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థయందు ఆచార్యులైరి. తక్కినవారందఱును శాస్త్రజ్ఞులు కానక్కఱలేదు, కాలేదు కూడ.

వారి రాత్రి పని యెట్లుండునో కొంచెము విస్తరించి చెప్పెదము. అర్ధరాత్రమైన పిదప నీలాంకరై వైపునుండి బెసంటునగరు వైపునకు అలల యంచు వెంబడి మైళ్లకొలది నడత. టార్చిదీపము వెలిగింపరాదు, వెలుగు చూచిన తాబేలు గ్రుడ్లు పెట్టకయే వెనుదిరుగును. బిగ్గరగ మాటలాడరాదు. తడియిసుకనుండి పొడియిసుకమీదికి ప్రాకిన జాడ చీకటిలోనే కంటికానవలెను. జాడ దొరకినంతనే గోయి దొరకినట్లు కాదు. తాబేలు కలచిన ఇసుక విశాలముగా నుండును; అందు గ్రుడ్లున్నచోటు అరచేతి వెడల్పు మాత్రమే. సన్నని కఱ్ఱతో నెమ్మదిగా గ్రుచ్చి చూచుచుండగా, ఒకచోట ఇసుక మెత్తగా లోనికి దిగును. ఎంత బలముతో గ్రుచ్చవలెనో పుస్తకమున వ్రాయుట కుదరదు. కొంచెము హెచ్చినచో గ్రుడ్డు పగులును. ఆ మెత్తదనము క్రొత్తవాని చేతికి తెలియుటకు, తెలిసినవాని ప్రక్కను మోకరించి పలుమాఱులు చూడవలసినదే.

గ్రుడ్లు దొరకిన పిదప ఆలస్యమునకు తావులేదు. పెట్టిన కొలదిగంటలకే లోపలి పిండము పెంకు పైభాగమున కంటుకొనును. ఆ పిమ్మట గ్రుడ్డును దొరలించినచో అది చచ్చును. కాబట్టి వానిని చేతులతో మెల్లగా తీసి, లెక్కించి, సంచియందుంచి, గోతి లోతును వెడల్పును కొలిచి, తెల్లవాఱకముందే హేచరీ యనబడు కంచెలోపల అదే కొలతగల గోతిలో పాతిపెట్టవలెను. ఎన్ని గ్రుడ్లు, ఏచోట, ఏ తేదిని దొరకినవో పుస్తకమున వ్రాయవలెను. నిద్ర వచ్చుచున్నదని లెక్కను ఉజ్జాయింపుగా వేసినవాడు, ఏబది దినముల తరువాత పిల్లలు వెలువడి, మిగిలిన పెంకులను లెక్కించునప్పుడు తప్పక బయటపడును. ఇట్టి మందలింపు ఏ ఉపాధ్యాయుడును చేయలేడని మా యభిప్రాయము.

వారాంతపు రాత్రులలో పట్టణవాసులును వీరితో నడచుటకు వచ్చుచుందురు. ఉద్యోగులు, తల్లులు, పిల్లలు, ముదుసలులు, ఒక్కొక్కప్పుడు పదులకొలది జనము. వారందఱికి ముందు నడచువాడు ఇరువదియేండ్లు నిండని విద్యార్థియైనను కావచ్చును. బయలుదేరకముందు తాబేటినిగూర్చి వారికి చెప్పవలెను, వెనుకబడినవారిని కనిపెట్టవలెను, దీపము వెలిగించిన పెద్దమనిషికి, వయస్సునకు తగిన మర్యాద తప్పకుండ, దానిని ఆర్పుడని చెప్పవలెను. పెక్కు రాత్రులు తాబేలు కనబడనే కనబడదు. నాలుగుగంటలు నడచి, కాళ్లు నొచ్చి, ఏమియు చూడలేదని విసుగుకొనువారికి సమాధానము చెప్పుట యన్నిటికంటె కష్టము. వచ్చినవారి సంతోషమునకై అబద్ధమాడరాదు, తాను చిన్నబుచ్చుకొనరాదు. సభలో ఉపన్యసించుటకంటె ఇది యెక్కువ ధైర్యమును కోరునని మేము తలంతుము.

పిల్లలు వెలువడు కాలమున మఱియొక పరీక్ష కలదు. సహజముగా అవి రాత్రివేళ, ఇసుక చల్లబడినప్పుడు, గోతినుండి మూకుమ్మడిగా పైకి వచ్చి, దిక్కులలో నెక్కువ వెలుగుగానున్న దానివైపు ప్రాకును. పూర్వము ఆ వెలుగు సముద్రముమీది యాకాశముదే. ఇప్పుడు వీధిదీపములును, మేడల దీపములును వానిని మోసపుచ్చి రోడ్డువైపునకు ఈడ్చును. వానిని అలలయొద్ద విడుచు ఘట్టము చూడముచ్చటగా నుండుటచే, ఛాయాచిత్రములు తీయించుకొనగోరు ప్రముఖులు అనేకులు. పిల్లలను అరచేతబట్టుకొని నిలువగోరుదురు. తాము వచ్చువఱకు విడువవలదని కోరువారును కలరు. కాని బుట్టలో నుంచినంతసేపు ఆ పిల్లలు తమ బలమును వ్యర్థపుచ్చుకొనుచుండును. ఎంత గొప్పవారైనను, “క్షమింపుడు, ఇక నిలుపరాదు” అని చెప్పగల విద్యార్థియే ఆ తీరమున నాయకుడు. మెడకు బిళ్ల యున్నను లేకున్నను సరియే.

ఈ పనికి ఫలము కంటికి కానరాదు. పుట్టిన వేయి పిల్లలలో పెరిగి పెద్దదగునది ఒకటో రెండో యని సాధారణముగా చెప్పుదురు. ఆ యొక్కటి ఈడేరి, తాను పుట్టిన తీరప్రాంతమునకు గ్రుడ్లకై వచ్చుటకు పదియేండ్లకు పైగా పట్టును. విద్యార్థియో, మూడు నాలుగేండ్లలో పట్టము పుచ్చుకొని వేఱొక యూరికి పోవును. కనుక ఈ సంఘమునందు ప్రతివాడును, చేరిన మఱుసటియేడే తనకు వారసుని వెదకుకొనవలసియున్నది. కఱ్ఱ గ్రుచ్చు నేర్పును తనయొద్దనే దాచుకొని, నాకంటె నెవడును కనిపెట్టలేడని మురియువాడు సంఘమును చెఱుపును. 1988 మొదలు నేటివఱకు, తరము మాఱి తరముగా, ఇట్టి సంఘము నిలిచియుండుటకు కారణము ధనమో భవనమో కాదు. చేతినుండి చేతికి పని నేర్పుటయే.

ఆ తీరపు నడకలు ఒక్కొక్కనిని ఎంతదూరము కొనిపోవునో సతీశ్ భాస్కర్ గారి చరిత్ర తెలుపును. మద్రాసు ఐ.ఐ.టి.లో చదువుచుండిన ఆ యువకుడు తొలినాటి నడకలలో జేరి, తరువాత తాబేళ్లు గ్రుడ్లుపెట్టు చోటులను వెదకుచు భారతదేశపు తీరములను వేలకొలది కిలోమీటర్లు కాలినడకను పరిశీలించిరి. 1982లో లక్షద్వీపములలోని సుహేలీ యను నిర్జనద్వీపమున, వానకాలపు నెలలు, ఒంటరిగా నుండిరి. అక్కడినుండి భార్యకు వ్రాసిన యుత్తరమును సీసాలోనుంచి సముద్రమున వేయగా, అది సింహళద్వీపమున నొక జాలరికి దొరకి, ఆతడు దానిని ఆమెకు పంపెనట! 2023లో వారు పరమపదించిరి. దేశమునందలి సముద్రపు తాబేళ్ల తీరములనుగూర్చి మన కున్న జ్ఞానమున పెద్దభాగమునకు ఆ నడకయే పునాది.

ఇక కష్టమైన సంగతి. తాబేలు ఊపిరి పీల్చుటకు నీటిపైకి రావలసిన ప్రాణి. మరపడవల వలలలో చిక్కి, పైకి రాలేక, మునిగి చచ్చును. 2025 జనవరిలో చెన్నపట్టణ ప్రాంతపు తీరమునకు చచ్చిన తాబేళ్లు వందలకొలది కొట్టుకొనివచ్చినవి. రాత్రి గ్రుడ్లకై వెదకు యువకునకు పగలు కళేబరములు కనబడినచో కోపము రాకుండునా? జాలరులందఱు దుర్మార్గులని యతడు తలచుట సులభము. కాని చిన్నపడవల జాలరులకు మరపడవలతో వేఱు తగవున్నదనియు, తాబేలు తప్పించుకొను ద్వారముగల వలలున్నను వానితోబాటు చేపలును జాఱిపోవునను భయము మరపడవలవారికి కలదనియు, వారితో కూర్చుండి మాటలాడిననేగాని తెలియదు. ఒరిస్సాలోని గంజాం జిల్లాలో ఋషికుల్యానది ముఖమున, మంచి యేడు లక్షలకొలది తాబేళ్లు గ్రుడ్లు పెట్టుననుట 1994లో శాస్త్రలోకమునకు తెలిసెను. అచ్చటి కాపలాను ఆ పల్లెల యువకులే సంఘముగా నేర్పడి చేయుచున్నారు. గంజాం తీరపు జాలరులలో తెలుగు మాటలాడువారు అనేకులు. మన శ్రీకాకుళమునకు వారు పొరుగువారే.

తలిదండ్రులు మమ్మడుగునది మాకు తెలియును: తాబేళ్ల ఋతువును, పదవతరగతి పరీక్షలును ఒక్కమాఱే వచ్చునే? న్యాయమైన శంకయే. పదవతరగతివారిని ఆ యేడు విడువవలెను. చిన్నతరగతులవారికి రాత్రి నడక తగదు. వారికి ఉదయపు నడక చాలును. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వఱకు మన తీరమునందును ఈ తాబేళ్లు వచ్చుచునే యున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణశాసనము ఈ ప్రాణికి అత్యున్నతమైన రక్షణ నిచ్చినది కాన, అటవీశాఖవారి యనుమతి లేనిదే గ్రుడ్లను ముట్టుట నేరము. అయినను జాడలను లెక్కించుటకు గ్రుడ్లు ముట్టనక్కఱలేదు. ఒక ఉపాధ్యాయుడును, ఆఱుగురు విద్యార్థులును, తెల్లవాఱిన వెంటనే, ఎండకును పశువులకును జాడ చెడకముందే, ఒక మైలు తీరము చూచిరావచ్చును. తేది, చోటు, వచ్చినజాడ, పోయినజాడ, కుక్కలు త్రవ్వెనా లేదా, చూచినవాని పేరు. ఇన్ని గడులు గీచిన నోటుపుస్తకమొకటి డిసెంబరు సెలవులకు ముందే సిద్ధము కావలెను.