ఇంజనుకు కాపు, కాళ్ళకు పెగ్గు

"మామా, హైవే పెగ్గులు వేయించాలి" అని మా మేనల్లుడు అన్న మాట వంటింట్లో ఉన్న మా చెల్లెలి చెవిన పడింది. పెగ్గు అనే మాటకు ఆమెకు తెలిసిన అర్థం ఒక్కటే గనుక అట్లకాడ చేతబట్టుకొనే ఇవతలికి వచ్చింది. అది తాగేది కాదనీ, మోటారు సైకిలు మీద కాళ్ళు చాపి ఆనించుకొనే ఇనుప మెట్టనీ నచ్చచెప్పడానికి మాకు పావుగంట పట్టింది. అంతా విని ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం మా ఇద్దరి దగ్గరా జవాబు లేకపోయింది. "కాలు అక్కడ పెడితే బ్రేకు ఎవరు తొక్కుతారన్నా?"

అబ్బాయి కొన్నది మీటియర్ 350. రాయల్ ఎన్‌ఫీల్డువారు 2020 నవంబరులో విడుదల చేసిన బండి, బరువు 191 కిలోలు. సీటు పల్లంగా, కాలిమెట్లు కాస్త ముందుకు ఉండే ఇటువంటి బండ్లను క్రూజరు అంటారు. మా బ్రూస్‌పేట సందుల్లో ఇప్పుడు ఇవి కనిపించని రోజు లేదు. కొన్నవాడు మొదట వేయించేది ఇంజను గార్డు, ఆ వెనుక దానికి బిగించే పెగ్గులు. రెంటినీ మెరుపు చూచి ఎంచుకొంటారు. మేమూ ఒకప్పుడు అలాగే ఎంచుకొన్నవాళ్ళమే.

మన మెకానిక్కులు దానిని లెగ్ గార్డు అంటారు. చిక్కంతా ఆ పేరులోనే ఉన్నది. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడు లాస్ ఏంజెలస్ ప్రాంతంలో జరిగిన 900 పైచిలుకు మోటారు సైకిలు ప్రమాదాలను తన బృందంతో పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చాడు. ఈ గార్డుల వల్ల పాదానికి, చీలమండకు దెబ్బలు తగ్గిన మాట నిజమేగాని, మోకాలికి, తొడకు, పిక్క ఎముకకు ఆ మేరకు పెరిగాయని అందులో తేలింది. అంటే అది కాలికి కాపు కాదు. బండి పక్కకు ఒరిగినప్పుడు ఇంజనునూ, గేరు లివరునూ కాపాడేది. ఆ పని మాత్రం బాగా చేస్తుంది. 191 కిలోల బండి నిలిచిన చోటనే ఒరిగినా ఖర్చు తక్కువ కాదు గదా.

మా సంగతి చెప్పుకొంటాము. చాలా ఏళ్ళ క్రితం మా పాత బుల్లెట్టుకు ఊళ్ళోనే ఒక వెల్డింగు షాపులో పైపు వంచి గార్డు చేయించాము. ధర తక్కువ, చూపుకు దిట్టం. ఒకనాడు సిరుగుప్ప రోడ్డులో ఖనిజం లారీకి దారి ఇవ్వబోయి మట్టిలో జారాము. వేగం ఏమంత లేదు. అయినా పైపు లోపలికి వంగి, బ్రేకు పెడలునూ మా పాదాన్నీ కలిపి నొక్కింది. ఎవరో ఇద్దరు వచ్చి బండి ఎత్తేదాకా కదలలేకపోయాము. నెల రోజులు ఆఫీసుకు చెప్పు వేసుకోకుండా వెళ్ళాము. గార్డు లేకుంటే ఇంతకంటే బాగుండేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుచేత ఈసారి అబ్బాయిని వెంటబెట్టుకొని తీరికగా చూచాము. మెరుపు తర్వాత, ముందు బిగింపు. ఆ మోడలుకే చేసిన గార్డు ఫ్రేములో ఉన్న రంధ్రాలకు సూటిగా కూర్చోవాలి. సాగదీసి, సుత్తితో కొట్టి కూర్చోబెట్టేది వద్దు. ఫ్రేముకు వెల్డింగు అసలే వద్దు, కాల్చిన చోట ఇనుము బలహీనపడుతుంది. మరీ మొండి గార్డు కూడా మంచిది కాదు, తాను వంగకుండా దెబ్బంతా ఫ్రేముకు అందిస్తుంది. గార్డు వంగితే గార్డే పోతుంది, ఫ్రేము వంగితే బండే పోయినట్లు. హాండిలు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. ఆయిలు తీసే బోల్టుకు పానా అందుతుందో లేదో చూడాలి. గాలికి చల్లబడే ఇంజను గనుక ముందర రేకులూ, పెద్ద దీపాలూ తగిలించి గాలిని అడ్డగించరాదు. మా బళ్ళారి ఎండలు తెలియనివా! వంద కిలోమీటర్లు నడిపిన తర్వాత బోల్టులన్నీ మరొకసారి బిగించాలి.

పెగ్గుల దగ్గర జనం పొరబడేది కొలతలో. పైపు లావుకు సరిపోని క్లాంపు తెచ్చి, మధ్యలో రబ్బరు ముక్క కూరుతారు. వారానికే అది జారుతుంది. గుమాస్తా బుద్ధితో మేము చేసినది ఇది: పైపు చుట్టూ దారం చుట్టి స్కేలు మీద పెట్టాము. ఎనిమిది సెంటీమీటర్లకు కాస్త తక్కువ వస్తే పైపు 25 మిల్లీమీటర్లది, పది వస్తే 32. క్లాంపు బిగించిన వెనుక పైపుకూ దానికీ కలిపి రంగుతో ఒక గీత గీస్తే, జారిన రోజున గీత విరిగి కనబడుతుంది. పెగ్గు పైకి మడిచేదిగా ఉండాలి. మలుపులో నేలకు తగిలినా మడుచుకొంటుంది. మడవని పెగ్గు బండిని పైకెత్తేస్తుంది. మోకాలు పూర్తిగా చాచుకుపోయేంత దూరం పెట్టరాదు. వాటి మీద లేచి నిలబడరాదు.

ఇక చెల్లెలి ప్రశ్న. మీటియరుకు వెనుక బ్రేకు కుడి కాలి కింద. పెగ్గు మీది కాలు అక్కడికి దిగివచ్చేలోగా 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్ల పైన పోతుంది. ముందు బ్రేకు చేతిలో ఉన్నమాట నిజమే, కాని దాని మీదనే ఆధారపడి ఇసుకలో ఆపితే ఏమవుతుందో మాకు తెలుసు. మాలాంటి పాతవాళ్ళకు ఇంకొక చిక్కు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైన నాటినుంచి చాలాకాలం బుల్లెట్టుకు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. తొందరలో మా ఎడమకాలు నేటికీ బ్రేకే వెతుకుతుంది.

తోరణగల్లు వైపు ఖనిజం లారీలు, పల్లెల ముందర స్పీడు బ్రేకరులు, సుగ్గి కాలంలో రోడ్డు మీద పరచిన జొన్న కంకులు, ఎనుములు... ఇక్కడ కాలు చాపుకొనే చోటు ఎంత? గుత్తి వైపు పోయే 67వ నంబరు జాతీయ రహదారిలో కొంత కద్దు. అదీ పగటిపూట, ముందర ఖాళీ ఉన్నప్పుడు.

చివరకు కంపెనీ గార్డు కొన్నాము. పెగ్గులు వద్దని మేమంటే, మడిచేవైతే సరేనని చెల్లెలే ఒప్పుకొన్నది! బదులుగా తనకొకటి అడిగింది. చీర చక్రంలో పడకుండా వెనుక చక్రానికి సగమైనా కప్పే గార్డు, పట్టుకొనే పిడి, కాలిమెట్టు ఉండవలసిందేనని కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వది చెబుతుంది. అబ్బాయి అందం పోతున్నదని ఆ చీర గార్డును విప్పి అటక మీద పడేశాడు. అది కిందికి దిగింది.

మొన్న ఆదివారం తల్లిని ఎక్కించుకొని గుంతకల్లు వెళ్ళివచ్చాడు. పోను సుమారు 50 కిలోమీటర్లు. పెగ్గులు ఎలా ఉన్నాయని అడిగాము. వాడు నోరు తెరిచేలోగానే ఆమె చెప్పింది, పోయేటప్పుడు రెండుసార్లు, వచ్చేటప్పుడు ఒక్కసారి కాళ్ళు చాపాడని, ఆ ఒక్కసారీ తానే వీపు మీద తట్టి తీయించానని.