చెత్త దిబ్బల చెంత మట్టి, నీరు, గాలి పరీక్షలు: నమూనా సేకరణలో మెలకువలు

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు రెండు దశాబ్దాలకు పైగా హైదరాబాదు మహానగరపు చెత్తను మోస్తున్నది. ఆ గుట్టల నుండి ఊరిన నల్లని ద్రవం, అనగా లీచేట్, దిగువనున్న మల్కారం చెరువును పాడుచేసిన సంగతి తెలిసినదే. ఇటువంటి చోట్ల సాగుచేసే రైతు అడిగేది ఒక్కటే: ఈ బావి నీటితో ఆకుకూరలు పండించి అమ్మవచ్చునా? దీనికి విస్తరణ శాస్త్రవేత్త ప్రయోగశాల నివేదికను చూసి జవాబు చెబుతాడు. అయితే కాలుష్య పరీక్షలలో పెద్ద పొరపాట్లు యంత్రం దగ్గర కంటే పొలంలో, నమూనా తీసేటప్పుడే ఎక్కువగా జరిగే అవకాశముంది.

ఎరువుల సిఫారసు కొరకు ఎకరానికి 10 నుండి 15 చోట్ల ‘వి’ ఆకారపు గుంటలు తీసి, ఆ మట్టినంతా కలిపి, చతుర్భాగ పద్ధతిలో అరకిలోకు తగ్గించడం అందరికీ అలవాటైన పని. భూసారానికి ఇది సరైన పద్ధతే. కాలుష్యానికి మాత్రం పనికిరాదు. పది చోట్లలో ఒకచోట కిలో మట్టికి 600 మి.గ్రా. సీసం, మిగిలిన తొమ్మిది చోట్ల 20 మి.గ్రా. చొప్పున ఉన్నదనుకుందాం. అన్నీ కలిపితే నివేదికలో 78 మి.గ్రా. అని వస్తుంది. లీచేట్ పారిన మడి ఆ సగటులో మరుగున పడిపోతుంది. కనుక దిబ్బ అడుగు నుండి వాలు వెంబడి, మురుగు పారే కాలువ వెంబడి, దూరం పెంచుకుంటూ విడివిడి నమూనాలు తీయాలి. 0-15, 15-30, 30-60 సెం.మీ. లోతుల మట్టిని వేరువేరుగా ఉంచాలి. జింకు పూత పూసిన బకెట్టులో మట్టి కలిపితే జింకు విలువ పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ప్లాస్టిక్ పరికరాలే వాడాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, తరచుగా విస్మరించబడేది, పోలిక నమూనా. దిబ్బకు ఎగువన, అదే రకం నేలలో, లీచేట్ చేరని చోట దీనిని తీయాలి. బసాల్టు శిల నుండి ఏర్పడిన నల్లరేగడిలో రాగి, నికెల్, క్రోమియం సహజంగానే గ్రానైటు మూలపు ఎర్ర చెల్కలలో కంటే ఎక్కువ. ఒక నేలను మరొక నేలతో పోల్చితే లేని కాలుష్యం కనబడుతుంది.

మట్టి విశ్లేషణలో మరొక చిక్కు ఉన్నది. 1978లో లిండ్సే, నార్వెల్ ప్రచురించిన డి.టి.పి.ఎ. పద్ధతి సూక్ష్మపోషకాల లోపాన్ని గుర్తించడానికి ఉద్దేశించినది. అది మొక్కకు లభ్యమయ్యే భాగాన్ని సూచిస్తుందే గాని నేలలో పేరుకున్న మొత్తం లోహాన్ని కాదు. మొత్తం కొరకు గాఢ ఆమ్లాలతో జీర్ణింపజేయాలి. రెండు విలువలూ కావాలి.

నీటి విషయంలో హైదరాబాదు పరిసరాలు కొంత మోసపూరితమైనవి. ఇక్కడి గ్రానైటులో భూగర్భజలం శిథిల పొరలోను, రాతి పగుళ్లలోను కదులుతుంది. అందువలన దిబ్బకు దగ్గరి బోరు బాగుండి, పగులు కలిసిన దూరపు బోరు చెడిపోవచ్చు. మొదట చుట్టుపక్కల బావులన్నింటిలో విద్యుత్ వాహకతను కొలిచి, ఎక్కువగా ఉన్నవాటిని పూర్తి పరీక్షకు ఎంచుకోవడం మేలు. క్లోరైడును నేల దాదాపుగా పట్టి ఉంచదు గనుక అది నీటితో పాటే ముందుగా చేరుతుంది. లోహాలు చాలావరకు వెనుక నిలిచిపోతాయి. లోహాలు లేవన్నంత మాత్రాన లీచేట్ రాలేదనుకోరాదు. నైట్రేటు ఒక్కటే పెరిగితే యూరియా, పశువుల కొట్టం, మరుగుదొడ్డి గుంతలను కూడ అనుమానించాలి. క్లోరైడు, అమ్మోనియా, రసాయన ఆక్సిజన్ గిరాకీ మూడూ ఎగువ బావి కంటే పెరిగినప్పుడు దిబ్బపై అనుమానం బలపడుతుంది.

బోరును కొంతసేపు నడిపి, నిలువనీరు పోయిన తరువాతనే నీరు పట్టాలి. నీటిలో కరిగిన లోహాల పరీక్షకు 0.45 మైక్రాన్ల వడపోత చేసి, ఆ తరువాత నత్రికామ్లం కలపాలి. క్రమం తారుమారైతే బురద రేణువులలోని లోహం కూడ కరిగి లెక్కలోకి వస్తుంది. అదే సీసాను నైట్రేటు పరీక్షకు పంపరాదని వేరుగా చెప్పనక్కరలేదు, అయినా ఆ తప్పు జరుగుతూనే ఉంటుంది. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి తప్పనిసరిగా పరీక్షించాలి. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు కూడ వేర్వేరు రుతువులలో భూగర్భజల పరిశీలనను కోరినవి.

ఫలితాన్ని ఏ ప్రమాణంతో పోల్చామన్నది నివేదికలో స్పష్టంగా ఉండాలి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం తాగునీటిలో లీటరుకు కాడ్మియం 0.003, సీసం 0.01 మి.గ్రా. మించరాదు. సాగునీటికి ఎఫ్.ఎ.ఓ. సూచించిన కాడ్మియం పరిమితి 0.01 మి.గ్రా. కావున 0.006 మి.గ్రా. కాడ్మియం ఉన్న బావి పొలానికి పరిమితిలోపే, ఇంటికి మాత్రం పనికిరాదు. పొలంలో కూలీలు తాగేది ఆ నీరే అయినప్పుడు ఈ రెండు మాటలూ రైతుకు చెప్పాలి.

గాలి విషయంలో 24 గంటల సగటుగా ఘనపు మీటరుకు పి.ఎం. 10 రేణువులు 100, పి.ఎం. 2.5 రేణువులు 60 మైక్రోగ్రాములు మించరాదని జాతీయ ప్రమాణం. గాలి వచ్చే దిక్కున, పోయే దిక్కున ఒకేసారి కొలవాలి. నేలలో పక్కకు వ్యాపించే మీథేను వేళ్ల దగ్గరి ఆక్సిజన్‌ను తరిమివేస్తుంది. అప్పుడు వాడే పైరును ఎండు తెగులుగా పొరబడే ప్రమాదమున్నది. గాలిలో 5 నుండి 15 శాతం మీథేను పేలుడుకు చాలు. దిబ్బ పక్కనున్న పాత దిగుడు బావిలోకి వాయువులను కొలవకుండా ఎవరినీ దింపరాదు.

చివరకు పంట. పాలకూర నమూనాలో సగం కడిగి, సగం కడగకుండా పరీక్షిస్తే ధూళిగా పడిన లోహమెంతో, కణజాలంలో ఉన్నదెంతో స్థూలంగా తెలుస్తుంది. కోడెక్స్ ప్రకారం ఆకుకూరలలో కిలోకు సీసం 0.3, కాడ్మియం 0.2 మి.గ్రా. పరిమితి; ఇది తాజా బరువుపై లెక్క. ప్రయోగశాలలు సాధారణంగా పొడి బరువుపై చెబుతాయి. పాలకూరలో నీరు సుమారు 90 శాతం. పొడి బరువుపై 2 మి.గ్రా. సీసమంటే తాజా బరువుపై 0.2 మాత్రమే. ఆ 2ను నేరుగా 0.3తో పోల్చితే మంచి పంటను దున్నించిన వారమవుతాము. నిజంగానే పరిమితి దాటిన పొలంలో ఆకుకూరలు మాన్పించి బంతి, చామంతి వంటి పూలకు మళ్లించవచ్చు. పశుగ్రాసానికి మాత్రం మళ్లించరాదు, లోహాలు మేతతో పాటు పశువులకు చేరుతాయి.